పాల కోసం వచ్చిన దొర

"లోపటికి రాకు. గడప అవుతలనే నిలబడు."

సుమిత్ర మాటకు హనుమంతరావు దొర ఎత్తిన కాలు వెనుకకు తీసుకున్నడు.

అప్పటిదాక చెవులు పలిగేటట్టు కొట్టుకుంటున్న, బట్ట నేసే సాంచలు ఒక్కొక్కటే ఆగినయి. కరెంటు పోయి ఆగలేదు. జీపు చూసి మనుషులే ఆపి బయటికచ్చిండ్రు. అడివిల అన్నల భయానికి బీర్పూర్ దిక్కున్న ఊరినిడిచి ఏడేండ్ల కింద జగిత్యాలల మకాం పెట్టిన దొర, పొద్దుగాల ఎనిమిదింటికి, సిరిసిల్లల ఒక సాంచల కార్మికుని ఇంటి ముంగట చేతుల ఖాళీ స్టీలు డబ్బ పట్టుకొని నిలబడుడు ఆ వాడకట్టుల ఎవ్వలు ఎన్నడు చూడలేదు.

"గట్లనకు పిల్లా, ఎంతైన పెద్దమనిషి," అనుకుంట సుమిత్ర అత్త లసుమవ్వ ఉరికచ్చి పీట వేసింది. "కూసోండ్రి దొరా."

సుమిత్ర కాలుతోటి ఆ పీటను లోపటికి జరిపింది.

దొర చూసిండు. పదేండ్ల కిందనైతే ఆ కాలు ఎవలదని అడిగేటోడు.

"అమ్మా, కూసునుటానికి రాలే," అన్నడు. 'అమ్మా' అనేది ఆయన నోట్లె కొత్త మాట, సరిగ్గ తిరుగలేదు. "నా మనుమడు జగిత్యాల దవాఖానల చావు బతుకుల మీదున్నడు. టిన్ను పాలు పడుతలెవ్వు. పొట్ట డోలు లెక్క ఉబ్బుతున్నది. నా బిడ్డ పుష్పలతకు కాన్పుల ఫిట్స్ అచ్చి కరీంనగర్ దవాఖానల తెలివి లేకుంట పడి ఉన్నది. దానికి పాలు లెవ్వు. తల్లిపాలే కావాలె, లేకపోతే రేపటిదాక ఆగడని డాక్టరమ్మ అన్నది."

"జగిత్యాలల బాలింతలే లేరా?"

"ఉన్నరు. కని, నెలలు నిండకముందు కన్న తల్లి పాలే గసొంటి పిల్లలకు పడుతయట. నీ పేరు డాక్టరమ్మనే చెప్పింది."

సుమిత్ర నవ్వింది. బిడ్డ పోయినంక ఎనిమిది దినాల సంది ఆమె నవ్వుడు ఇదే మొదలు. లసుమవ్వకు ఆ నవ్వు చూస్తే వణుకు పుట్టింది.

పాలు ఎండిపోవాలెనని అత్త కట్టిన మల్లెపూలు రైక లోపట వాడి నల్లబడ్డయి. పొద్దుకు రెండుమాట్ల పూలు మారుస్తున్నది. అయినా పాలు ఆగుతలెవ్వు. చీరె తడిసి అట్ట కట్టింది. ఏడో నెలల పుట్టిన బిడ్డ నాలుగు దినాలే బతికిన ముచ్చట ఇంట్ల అందరికి తెలుసు. ఆ పాలకే ఇంక తెల్వదు.

"గా అద్దాల పెట్టెల నీ మనుమనికంటె ముందు ఎవలుండెనో ఎరుకేనా?" అనడిగింది.

"ఎరుక."

"ఎవలు?"

"నీ బిడ్డ."

"గట్టిగ చెప్పు. సాంచలు బందువెట్టి అందరు నీ ముచ్చటకే నిలబడ్డరు."

దొర గొంతు సవరించుకున్నడు. "ఈమె బిడ్డ ఉండె," అన్నడు వాడకట్టు దిక్కు తిరిగి.

"ఎవలు తీయించిండ్రు?"

"నేను తీయుమనలేదు. నా మనుమనికి జాగ కావాలెనన్న. గంతే."

"ఒక్కటే పెట్టె ఉన్నకాడ జాగ కావాలెనంటె ఏంది? లోపలున్నదాన్ని అవుతల పారెయ్యుమనే గద? పానమున్న పిల్లను తీసి, బల్బు కింద తొట్టెల పడేసిండ్రు. పొద్దుమీకేసరికి సల్లవడ్డది. గిప్పుడు దాని పాలు కావాల్నా నీకు?"

"సుమిత్రా, చాలియ్యి," అన్నది లసుమవ్వ.

"నువ్వు ఆగత్తా. చెప్పు దొరా. నా బిడ్డను చంపింది నువ్వేనా కాదా? గీ మందిల ఒప్పుకో. ఒప్పుకుంటె పాల సంగతి అప్పుడు చూద్దాం."

దొర మొకం ఎర్రబడ్డది. ఇంత సేపు కిందికి వంచుకున్న మెడ ఒక్కసారి లేచింది.

"నేనొక్కన్నేనా చంపింది? నీ పెనిమిటి సంతకం పెట్టలేదా?"

వాడకట్టుల ఎవలో దగ్గిండ్రు.

సుమిత్ర భర్త దేవయ్య గోడకానుకొని ఉన్నడు. రాత్రి డ్యూటీ దిగచ్చిండు, నెత్తి మీద ఇంక దూదిపోగులున్నయి. ఆయన దొర దిక్కు చూడలేదు, పెండ్లాం దిక్కు చూడలేదు. చేతుల ఉన్న నూలు కండెను వేలితోటి తిప్పుకుంట నిలబడ్డడు.

సుమిత్ర మొదలు ఆయనను చూడలేదు. అత్తను చూసింది. లసుమవ్వ ఉలిక్కిపడలేదు. "ఏం సంతకం?" అని అడుగలేదు.

"నీకు గుడ ఎరుకేనా అత్తా?"

లసుమవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.

*

వంటింట్లకు వచ్చి దేవయ్య పొయ్యి కాడ కూలవడ్డడు. సుమిత్ర నిలబడే ఉన్నది.

"ఏలిముద్రనా?"

"సంతకం."

"ఏడో తరగతి దాక చదివినవు. గా కాయితంల ఏమున్నదో చదివినవా?"

"చదివిన."

"చదివే పెట్టినవు."

బయట దొర ఎవలినో మంచినీళ్లు అడుగుతున్నడు. ఎవ్వలు తెచ్చినట్టు లేదు.

"డాక్టరమ్మ పక్కకు పిలిచింది," అన్నడు దేవయ్య ఆఖరికి. "మాడ ఉబ్బిందన్నది. నెత్తిల నెత్తురు కారి ఉంటదన్నది. రెండుమాట్ల ఫిట్స్ అచ్చినయట. బతికినా కూసోదు, నడువదు, మనల గుర్తు పట్టదన్నది. ఇంకో పోరడు అచ్చిండు, వానికి ఆశ ఉన్నది, నువ్వేమంటవని అడిగింది."

"నువ్వేమన్నవు?"

"ఏమనలే. కాయితం ముంగట పెట్టింది. పెట్టిన."

"నేనేడ ఉన్న అప్పుడు?"

"కుట్లు నొప్పులంటున్నవని సూదిచ్చిండ్రు. నిద్రపోయినవు."

"లేపరాదా?"

ఆయన తల పైకెత్తిండు. కండ్లల్ల నీళ్లు ఉన్నయి కని, మాట మాత్రం తడబడలేదు.

"లేపితే వద్దంటవని ఎరుక. అందుకే లేపలే."

సుమిత్రకు ఆయనను కొట్టబుద్ధయింది. చెయ్యి లేవలేదు. ఎనిమిది దినాలు ఈ మనిషి పక్కనే పండుకున్నది. తను ఏడిస్తే వీపు నిమిరిండు. డాక్టరమ్మను తిడితే ఊ కొట్టిండు. దొరను తిడితే ఊ కొట్టిండు. ప్రతి ఊ కొట్టుడుల తన పేరు దాచిపెట్టుకున్నడు.

"అవ్వకెప్పుడు చెప్పినవు?"

"ఆ దినమే. నీకు చెప్పొద్దన్నది. అసొంటి పిల్లను ఎట్ల సాదుతరు, దేవుడే తీస్కపోయిండనుకోండ్రి అన్నది."

"దేవునికి గుడ సంతకం పెట్టినవా?"

దేవయ్య మొకం పొయ్యి దిక్కు తిప్పుకున్నడు.

ఆమె రైకల చెయ్యి పెట్టి వాడిన మల్లెపూలు తీసి పొయ్యిల వేసింది. మొకం కడుక్కున్నది. చీరె మార్చుకున్నది. బయటికచ్చి దొర ముంగట నిలబడ్డది.

"వస్త. కని డబ్బల పిండి నీ చేతికియ్య. నేనే వస్త. డాక్టరమ్మతోటి మాట్లాడినంకనే ఇస్త."

దొర దండం పెట్టిండు. "జీపెక్కమ్మా, గంటంబావుల పోతం."

"జీపుల రాను. బస్సుల వస్త. నువ్వు గుడ బస్సుల్నే రావాలె."

"బస్సు రెండు గంటలు చేస్తది! పసిపానం..."

"నా బిడ్డ గుడ గా బస్సుల్నే అచ్చింది."

ఊరిడిచినప్పటి సంది దొర బస్సు మొకం చూడలేదు. ఏ స్టేజీ కాడ ఎవలెక్కుతరో, ఏ సంచిల ఏముంటదో తెలువని దినాలవి. నెత్తి మీద తువ్వాల కప్పుకొని ఆమె వెనుక నడిచిండు. దేవయ్య ఇద్దరికి పది అడుగులు ఎడం ఉంచుకొని నడిచిండు.

బస్టాండు ముంగటి టెలిఫోను బూతు కాడ సుమిత్ర ఆగింది. కోరుట్లల తన తమ్ముని బట్టలు కుట్టే దుకాణం పక్కన కిరాణం షాపుకు ఫోను కలిపిచ్చింది.

"రాజనర్సుకు చెప్పుండ్రి. వాళ్ల అక్క చెప్పమన్నది. జగిత్యాల దవాఖాన గేటు కాడికి రమ్మను. తోడు ఎవలన్న ఉంటే వాళ్లను గుడ రమ్మను."

రాజనర్సు అన్నలతోటి తిరుగుతడని దొర విని ఉన్నడు. తువ్వాల కింద ఆయన మొకం పాలిపోయింది. అయినా బస్సెక్కిండు.

*

బస్సు వేములవాడ దాటింది. ఎండకు సీటు రేకు కాలుతున్నది. బస్సు గుంతల పడ్డప్పుడల్ల సుమిత్ర రొమ్ములు గడ్డ కట్టిన రాళ్ల లెక్క సలిపినయి. ఆమె పండ్లు బిగవట్టింది. పక్క వరుసల దొర గడియారం చూసుకుంటున్నడు.

కొండగట్టు కాడ అంజన్న భక్తులు గుంపుగ ఎక్కిండ్రు. గుండ్లు కొట్టిచ్చుకున్న పిల్లలు, కొబ్బరి ముక్కలు, బొట్లు.

"ఆ దినం గుడ గిట్లనే ఎక్కిండ్రు," అన్నది సుమిత్ర, దొర దిక్కు చూడకుంటనే. "ఒళ్లె బిడ్డను పండుకోపెట్టుకున్న. తువ్వాల కప్పిన. సచ్చిన పిల్లంటె కండక్టరు దించుతడని ఈయన చెప్పిండు. ఒక ముసలామె నా పక్కన కూసున్నది. మంచిగ నిద్రపోతున్నది, ఏడుస్తలేదు, బుద్ధిమంతురాలు అన్నది. బొట్టు పెడుతనని తువ్వాల తీయబోయింది. నేను చెయ్యి పట్టుకున్న."

దొర తలకాయ వంచుకున్నడు. "నాకు ఎరుకలేదమ్మా."

"ఎరుకలేక కాదు. నువ్వు అడుగలే."

వెనుక సీట్ల దేవయ్య మొకం మోకాళ్ల మీద పెట్టుకున్నడు. ఆయన భుజాలు కదులుతున్నయి. సుమిత్ర వెనుకకు తిరిగి చూడలేదు.

*

దవాఖాన గదిల మందుల వాసన. జనరేటరు దబదబ కొట్టుకుంటున్నది. ఆయమ్మ సత్యవ్వ సుమిత్రను చూసి గోడకు ఒదిగింది. ఆ పెట్టెలకెల్లి బిడ్డను తీసింది ఆమె చేతులే.

సుమిత్ర పెట్టె కాడికి పోయింది.

బలిసిన దొర మనుమన్ని చూస్తననుకున్నది. ఎనిమిది దినాల సంది కండ్లు మూస్తె అదే పోరడు, నున్నగ, ఎర్రగ, నవ్వుకుంట. లోపలున్నది జానెడు పిల్లగాడు. తోలు కింద నరాలు కనబడుతున్నయి. ముక్కుల సన్నటి గొట్టం. పొట్ట ఒక్కటే ఉబ్బి మెరుస్తున్నది.

గోడకు పెట్టె వైరు ఉన్నది. ప్లగ్గు చెయ్యి చాపితే అందుతది.

ఆమె చూపు ఎటు పోయిందో డాక్టర్ మనోరమ చూసింది. ఆమెకు నలభై ఐదేండ్లుంటయి. వచ్చి గోడకు, సుమిత్రకు నడుమ నిలబడ్డది.

"భయపడకు," అన్నది సుమిత్ర. "నేను నీ లెక్క కాదు."

మనోరమ పెదవులు బిగిసినయి. "తిట్టు సుమిత్రా. నువ్వేమన్నా పడతాను. కాని ముందు పాలివ్వు. వీడికి టైం లేదు."

"నా బిడ్డకు ఉండెనా టైం? అది బతుకదని నీకు ఖాయంగ ఎరుకేనా?"

"ఖాయంగా ఎవ్వరూ చెప్పలేరు. మెదడులో రక్తం కారిన లక్షణాలన్నీ కనిపించాయి. చూసే మిషను ఇక్కడ లేదు. కరీంనగర్ పంపితే దారిలోనే పోయేది."

"నూట్ల ఒక్కపాలు బతికేదుండెనా?"

మనోరమ తప్పించుకోలేదు. "ఉండొచ్చు."

"గా ఒక్కపాలు నాది. నువ్వు దొరకు ఇచ్చినవు."

"ఒక్కటే పెట్టె ఉంది. ఇద్దరు పిల్లలున్నారు. ఎవరు బతికే అవకాశం ఎక్కువో చూశాను. నా చదువు నాకు అదే నేర్పింది."

"గీ దవాఖాన బంగ్లా ఎవలది?"

డాక్టరు దొర దిక్కు చూసింది. తలుపు కాడ దొర కదిలిండు.

"ఎవలదని అడిగిన."

"హనుమంతరావు గారిది. కిరాయికుంటున్నాను."

"సరే. గిది చెప్పు. పెట్టెల దొర మనుమడు ఉన్నడనుకో. వాని మాడనే ఉబ్బింది, వానికే ఫిట్స్ అచ్చినయి. నా బిడ్డ మంచిగున్నది, బయట ఉన్నది. వాన్ని తీసి నా బిడ్డను పెట్టేదానివా?"

మనోరమ పెట్టె మీదున్న చెయ్యిని తీసి కోటు జేబుల పెట్టుకున్నది.

"అబద్ధమన్న చెప్పు. వింట."

"నాకు తెలియదు," అన్నది మనోరమ. ఆమె గొంతు డాక్టరు గొంతు లెక్క లేదు. "ఎనిమిది రోజుల నుంచి నన్ను నేను అదే అడుగుతున్నాను."

అప్పుడు పెట్టెల పిల్లగాడు ఏడ్చిండు. పిల్లి కూన అరుపంత గుడ లేదు. ఆ సప్పుడుకే సుమిత్ర రొమ్ములు ఒక్కసారి జివ్వుమన్నయి. ఆమెను అడుగకుంటనే పాలు కారి రైక తడిసింది. తన ఒంటి మీద తనకే పట్టరాని కోపమచ్చింది. ఎవని కోసం కారుతున్నవే, అని రొమ్మును గట్టిగ అదుముకున్నది.

"కాయితం తీస్కో," అన్నది. "రాయి."

"ఏమని?"

"ఎవలు పెట్టె అడిగిండ్రు, ఎవలు బిడ్డను తీసిండ్రు. పేర్లు రాయి. తీసినప్పుడు పానంతోటి ఉన్నదని రాయి. తల్లిని అడుగలేదని రాయి. కింద సంతకం పెట్టు, ముద్ర కొట్టు."

"వద్దు డాక్టరమ్మా," అన్నడు దొర తలుపు కాడ. "దాని తమ్ముడు ఎసొంటోడో నీకు తెల్వది. ఆ కాయితం అడివిలకు పోతది."

"నాకు తెలుసు," అన్నది మనోరమ. సుమిత్ర కండ్లల్లకు చూసింది. "రాయకపోతే?"

"పాలు పిండి గీ మోరిల పోస్త. మీ ముంగటనే."

పిల్లగాని ఏడుపు ఆగింది. ఆగుడే ఎక్కువ భయపెట్టింది. సత్యవ్వ పెట్టె మీదికి వంగి, "మేడం, నీలమెక్కుతున్నడు," అన్నది.

మనోరమ రాసింది. నిలబడే, గోడకు ఆనించి, ఒక్క కొట్టివేత లేకుంట రాసింది. సుమిత్ర పక్కన నిలబడి అక్షరమక్షరం చూసింది. నడుమ ఒకసారి ఆమె చెవుల ఏదో చెప్పింది. డాక్టరు పెన్ను ఆగింది. "నిజంగానా?" అన్నట్టు చూసింది. సుమిత్ర తల ఊపింది. డాక్టరు ఇంకో వరుస రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది.

సుమిత్ర కాయితం బొడ్ల చెక్కుకున్నది. సత్యవ్వ తెచ్చిన గిన్నె తీసుకొని గోడ దిక్కు తిరిగింది.

డాక్టరు సిరంజిలకు పాలు తీసి గొట్టంల వదిలింది. చెంచ కన్న తక్కువ. బొట్టు బొట్టు దిగుతున్నయి.

"గింతేనా?"

"ఇంతే. రెండు గంటలకోసారి. పడితే రేపు కొంచెం పెంచుదాం."

గింత దాని కోసం దొర బస్సెక్కిండు. గింత గుడ తన బిడ్డ నోట్లెకు పోలేదు. పిల్లగాని రంగు తిరిగేదాక సుమిత్ర అక్కడనే నిలబడ్డది. ఎందుకు నిలబడ్డదో ఆమెకే సమజ్ గాలేదు. దొర ఏడ్చుకుంట కాళ్ల మీద పడబోయిండు. ఆమె పక్కకు జరిగి బయటికి నడిచింది.

*

గేటు కాడ రాజనర్సు ఉన్నడు. భుజం మీద దర్జీ టేపు అట్లనే ఉన్నది. రోడ్డవుతల చాయ హోటల్ కాడ ఇద్దరు మనుషులు నిలబడ్డరు. వాళ్లను సుమిత్ర ఎన్నడు చూడలేదు. చాయ తాగుతలేరు, గ్లాసులు పట్టుకొని ఉన్నరు.

"ఏడ్వకక్కా," అన్నడు రాజనర్సు. ఆమె ఏడుస్తలేదు. "నా మేనకోడలును తిన్నోళ్లు ఒక్కలు మిగులరు. వాళ్లు మాటిచ్చిండ్రు. పేర్లు చెప్పు, చాలు."

దేవయ్య గేటు లోపట, మూడడుగుల దూరంల ఆగిండు.

సుమిత్ర బొడ్ల కాయితం తీసి తమ్ముని చేతుల పెట్టింది. రాజనర్సు ఎండకు కండ్లు చిట్లించుకొని చదివిండు. ఆయన పెదవులు కదులుతున్నయి.

"హనుమంతరావు. ఊఁ. డాక్టర్ మనోరమ. ఊఁ..."

ఆగిండు. మల్ల మొదటికెల్లి చదివిండు. తల ఎత్తి గేటు లోపటి దిక్కు చూసిండు.

"అక్కా, గిందుల బావ పేరున్నదేందే?"

దేవయ్య కదులలేదు. పారిపోయేటోని లెక్క లేడు. తప్పు ఒప్పుకునేటోని లెక్క గుడ లేడు.

"నేనే రాయమన్న," అన్నది సుమిత్ర.

రోడ్డవుతల ఇద్దరు గ్లాసులు కింద పెట్టిండ్రు.

"అక్కా, వాళ్లు గీ కాయితం చూస్తే ఆగరు. నువ్వు ఒక్క మాట అను. గీ వరుస చింపుత."

సుమిత్ర పెనిమిటి పక్క నుంచే నడిచి, ఆయన మొకం చూడకుంట, దవాఖాన మెట్లెక్కింది. పెట్టెల పిల్లగానికి మల్ల పాలియ్యాల్నంటె ఇంక గంటన్నర ఉన్నది.